పదునెక్కిన రాడ్లు

కొత్తపట్నం రోడ్డులో జయపాల్ అతుకంటే అందరికీ నమ్మకం. అతనికి మాత్రం ముసురంటే భయం. వెల్డింగ్ రాడ్డుకి తేమ తగిలితే అతుకు పైకి నున్నగానే ఉంటుంది, లోపల చిల్లులు పడతాయి. అందుకే వాన పట్టినప్పుడల్లా రాడ్ల కట్టలు తీసుకెళ్లి చెంచయ్యగారి పొగాకు కాల్చే బ్యారన్‌లో వేడి గొట్టాల పక్కన పెట్టేవాడు. అవెలా ఎండాలో చెంచయ్యకు తెలుసు.

రెండువేల మూడులో, మిర్చి కోతల ముందు, అకాల వర్షం పట్టుకుంది. ఒంగోలు శివార్లలో కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు, కప్పు ఇనుముకి అతుకులు వేసేది జయపాలే. కాయ వచ్చేలోపు కప్పు పడాలని కాంట్రాక్టరు నెత్తిన కూర్చున్నాడు. ఆ ఏడు చెంచయ్య మంచాన పడ్డాడు, బ్యారన్ ఆయన భార్య పున్నమ్మే చూసుకుంటోంది. జయపాల్ రాడ్లు ఆమె చేతిలో పెట్టి, "బాగా పదునెక్కనివ్వండమ్మా, రేపొచ్చి పట్టుకుపోతా" అని పరుగెత్తాడు.

ఇనప పనివాడికి పదునంటే నిప్పులో కాగడం. పొగాకు ఇంట్లో పదునంటే, కాలిన ఆకు తేమ పీల్చి మెత్తబడడం. ఆకు కాలడం అప్పుడే పూర్తయింది. పున్నమ్మ తలుపులు బార్లా తీసింది. రాడ్ల కట్ట కూడా విప్పి గుమ్మంలో పరిచింది. ఎంత శ్రద్ధో ఆవిడకి! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో చెప్పలేను.

మర్నాడు అతుకు వేస్తుంటే రాడ్డు చిటపటలాడింది. తుంపర, సముద్రపు గాలి. జయపాల్ పట్టా అడ్డం కట్టించి గాలిని తిట్టుకున్నాడు. బ్యారన్‌లో కాగిన రాడ్లు కదా, వాటిని అనుమానించలేదు.

రేకులు వేయడానికి అతని బావమరిది మరియదాసు వచ్చాడు. తడి ఇనుము చూసి వెనకాడాడు.

"అతుకు నాదిరా, ఎక్కు" అన్నాడు జయపాల్.

అతుకు విరిగింది. మరియదాసు ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

సమాధుల తోట నుంచి వచ్చాక పున్నమ్మ పలకరించడానికి వచ్చింది. అరుగు మీద జయపాల్, పొరుగింటి నుంచి వచ్చి పక్కనే కూర్చున్న నేను.

"నువ్వన్నట్టే పదునెక్కించానయ్యా. తలుపులు తీసి, తేమ తగిలేలా పరిచాను. ఇంకేం తక్కువైందో" అంది.

జయపాల్ అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "మీరేం తక్కువ చెయ్యలేదమ్మా" అన్నాడు.

తర్వాత అతను రాడ్డు పట్టలేదు. ముసురు పడితే చాలు, తమ్ముణ్ణి మింగావని భార్య సంతోషకుమారి గాలికి శాపనార్థాలు పెడుతుంది. ఆమె అలిసిపోయేదాకా అతను అక్కడే కూర్చుని వింటాడు.