చేసింది తియ్యి

కొమురమ్మకు ముందరి పళ్లు నాలుగు లేవు. ఎవరడిగినా బోరింగు కాడ జారిపడ్డానని చెప్పేది. పట్నం వచ్చాక గోపన్‌పల్లిలో తనకు గది కిరాయికిచ్చిన ఇంటామెకు అదే చెప్పింది. పనిచేసే అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా ఉండే ఎల్లేశానికీ అదే చెప్పింది. అబద్ధమే. అయితేనేం, నిజం ఆమెను ఊళ్లోంచి తరిమింది, అబద్ధం ఇన్నేళ్లు కూడు పెట్టింది.

ఆమె పని అనూష వాళ్ల పాపను చూసుకోవడం. అనూష, ఆమె భర్త ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, కాకినాడ వైపు వాళ్లు. పాప ఆద్యకు రెండో ఏడు నడుస్తోంది. నెలల పిల్లప్పటి నుంచీ కొమురమ్మ ఒళ్లోనే పెరిగింది. అమ్మా అనడానికంటే ముందు ‘కొమ్మా’ అంది. మొగుడు పోయి, కడుపున ఒక్క కాయా కాయని మనిషికి ఆ పిలుపు ఎంతటిదో మనకేం తెలుస్తుంది! పొద్దున్నే ఆ పిలుపు వినడానికే ఆమె చలనకా వాననకా వచ్చేది. ఇంకో ఇంటివాళ్లు ఎక్కువ జీతమిస్తామన్నా పోలేదు.

అనూష మంచిదే. పనిమనిషిని ‘మీరు’ అనే ఇల్లు ఆ అపార్ట్‌మెంటులో అదొక్కటే. ఆమెకొక వ్యాపకం ఉంది. దయ్యాల సినిమాల గురించి మాట్లాడుతుంది. చివరి గదిలో లైట్లు, మైకు పెట్టుకుని వీడియోలు తీస్తుంది. దయ్యం తెల్లచీరే ఎందుకు కట్టాలి, పాడుబడ్డ బంగళాలో దాగింది ఎవరి పాపం, ఇలాంటివన్నీ విడమరిచి చెబుతుంది. వేలమంది వింటారు. కొమురమ్మకు అందులో సగం అర్థమయ్యేది కాదు. పాపకు అన్నం పెడుతూ ఏదో మేడమ్ ముచ్చట అనుకునేది.

ఒక మధ్యాహ్నం పాపను భుజాన జోకొడుతూ ఆ గది ముందు నుంచి పోతుంటే లోపల అనూష మాట్లాడుతోంది.

“మన సినిమాల్లో మంత్రగత్తె ఎప్పుడూ ఎవరండీ? ముసలిది, నల్లది, మొగుడు లేనిది, పిల్లల్లేనిది. ఊరు ఎవర్ని వదిలించుకోవాలనుకుంటే వాళ్లకే ఆ పేరు పెడుతుంది. హాల్లో కూర్చుని మనం వణికేది ఆవిణ్ని చూసి కాదండీ. ఆవిడకి మనం చేసింది మనకి తెలుసు కాబట్టి వణుకుతాం.”

కొమురమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తన కథ చదువుకున్నామె నోట, తప్పు తనది కాదన్నట్టు వినపడటం ఆమె జన్మలో అదే మొదలు. పాపను పడుకోబెట్టి వంటింట్లోకి పోయి ఏడ్చింది. మంచినీళ్లకని వచ్చిన అనూష చూసింది.

“ఏమైంది కొమురమ్మా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?”

“గా ముసల్దాన్ని నేనే మేడమ్” అంది కొమురమ్మ.

అంతే, ఇక ఆగలేదు. మెదక్ దిక్కు ఊరు. బావ కొడుక్కి జెరమొచ్చి ఎంతకూ తగ్గలేదు. మంత్రాలది ఇంట్లోనే ఉందని ఎవడో అన్నాడు. మొగుడు పోయి ఏడాది కాలేదు, ఇంట్లో ఆమె పక్షాన మాట్లాడే దిక్కు లేదు.

“నడి బజార్ల కూసోబెట్టి, ‘చేసింది తియ్యి, చేసింది తియ్యి’ అని కొట్టిన్రు మేడమ్. చెయ్యనిది యాడికెల్లి తియ్యాలె? చేసిన్నని ఒప్పుకుంటే ఇడిసిపెడుదురేమో. పాణం పోతున్నా ఒప్పుకోలే. పండ్లుంటే నోట్ల మంత్రం తిరుగుతదట, అందుకని రాయితోని రాలగొట్టిన్రు.”

అనూష ఆమెను పట్టుకుని భోరుమంది. ఆ వారమే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి కట్టుడు పళ్లు పెట్టించింది. ఆ రోజు ఆద్య ఆ నోట్లోకి తొంగిచూసి చప్పట్లు కొట్టింది. కొమురమ్మ అద్దంలో చూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. దేవుడు పైనెక్కడో లేడు, చివరి గదిలో మైకు ముందు కూర్చున్నాడనుకుంది, పిచ్చి తల్లి.

తర్వాత అనూష అడిగింది. “మీ కథ నా వీడియోలో చెప్పనా? పేరు చెప్పను. నలుగురికీ తెలియాలి కదా.”

నోట్లో పళ్లు పెట్టిన మనిషికి అదే నోటితో వద్దని ఎట్లా చెబుతుంది? “పేరు రాకుంటే చెప్పుండ్రి” అంది.

పేరు రాలేదు. కానీ ఆవేశంలో “మా పాపని చూసుకునేది ఆవిడే” అని ఒక్క మాట దొర్లింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అన్నారా! ఆ వీడియోను మునుపటివాటికి పదింతల మంది చూశారు. అపార్ట్‌మెంటంతా చూసింది. కింద పార్కులో ఆద్య పక్కన ఆడుకునే పిల్లల్ని తల్లులు ఒక్కొక్కరే తీసుకుపోయారు. లిఫ్టులో కొమురమ్మ ఉంటే తర్వాతి లిఫ్టుకు ఆగారు. అపార్ట్‌మెంటు గ్రూపులో అనూష అందరినీ దులిపేసింది, ఇంత చదివీ సిగ్గులేదా అని. నిజం చెప్పాలంటే అప్పుడు గట్టిగానే నిలబడింది.

ఆద్యకు జ్వరం వచ్చేదాకా.

డాక్టరు చూసి, రక్తం పరీక్ష చేయించి, “వైరలే, తగ్గడానికి టైం పడుతుంది, కంగారుపడొద్దు” అన్నాడు. కంగారుపడొద్దంటే ఆగుతుందా? మందు వేస్తే దిగేది, మళ్లీ కాలిపోయేది. కాకినాడ నుంచి అనూష అత్తగారు దిగింది. ఆవిడా ఫోన్లో కోడలి వీడియో చూసిందే. వంటింట్లో కోడలితో నెమ్మదిగానే అంది. హాల్లో పాప నుదుటిమీద తడిగుడ్డ వేస్తున్న కొమురమ్మకు ప్రతి మాటా వినిపించింది.

“ఊరోళ్లు మూర్ఖులేనమ్మా, కాదనట్లేదు. కానీ ఆ పళ్లు ఎందుకు రాలగొట్టారో నువ్వే చెప్పావు కదా. చెప్పి మరీ, తీసుకెళ్లి మళ్లీ పెట్టించావు కదే అనూ!”

అనూష కస్సుమంటుందని కొమురమ్మ చెవులు రిక్కించింది. గ్రూపులో అందరి నోళ్లూ మూయించిన మనిషి అత్త నోరు మూయించలేదా? వంటింట్లోంచి కుళాయి తిప్పిన చప్పుడు మాత్రం వచ్చింది.

కాసేపటికి అనూష వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“నేనివేవీ నమ్మను. మీకు తెలుసు కదా కొమురమ్మా. మా అత్తగారి మనశ్శాంతి కోసం... ఒకవేళ, తెలియకుండా ఏమన్నా జరిగి ఉంటే... తీసెయ్యండి. ప్లీజ్.”

చూశారా, అప్పుడు కూడా ‘తీసెయ్యండి’ అంది. మర్యాద తప్పలేదు!

చెయ్యనిది యాడికెల్లి తియ్యాలె అని ఇక్కడా అనొచ్చు. లేచి పోవచ్చు. కానీ ఒళ్లో పిల్ల నిప్పుకణికలా కాలిపోతోంది, మగతలో ‘కొమ్మా’ అని మూలుగుతోంది. అడిగింది చేస్తే వీళ్ల భయం పోతుంది, తనను ఉండనిస్తారు, రేపు పొద్దున కూడా ఈ పిల్ల తనను పిలుస్తుంది. అదొక్కటే తోచింది. పాప నెత్తిమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. “నా బంగారం, జల్ది మంచిగ గావాలె” అని లోలోపలే అనుకుంది, అంతే. అత్తగారు గుమ్మంలో నిలబడి ఆ పెదాలనే చూస్తోంది.

మర్నాటికి జ్వరం దిగింది. దిగకేం చేస్తుంది? డాక్టరు ముందే చెప్పాడాయె.

తగ్గే ఉంటుందన్న ఆశతో కొమురమ్మ ఎగిరి గంతేసినట్టు వచ్చింది. గేటు దగ్గర ఎల్లేశం లేచి నిలబడ్డాడు. మొన్నటిదాకా “ఏందక్కా, చాయ్ తాగినవా” అని పలకరించినవాడు చేతులు జోడించాడు.

“పైకి పంపొద్దన్నరమ్మా. జర నా మీద కోపం పెట్టుకోకు. పిల్లలు గలోన్ని” అని ఇంటర్‌కం చేతికిచ్చి నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

“పాపకి తగ్గింది కొమురమ్మా. థాంక్స్” అంది అనూష అవతల.

“నేనేం చెయ్యలే మేడమ్. పాప మంచిగ గావాలని మొక్కిన, గంతే.”

“తెలుసు... తెలుసు. మీరేం అనుకోకండి. జీతం ఫోన్లో వేసేస్తాను. దయచేసి మామీద కోపం మాత్రం పెట్టుకోకండి.”

వెనకాల ఆద్య ‘కొమ్మా, కొమ్మా’ అని ఏడుస్తోంది. ఎవరో తలుపు వేశారు, ఏడుపు ఆగినట్టయింది. అప్పుడు తెలిసొచ్చింది కొమురమ్మకు తానేం చేసిందో. ఊరంతా ఒక్కటై రాయితో కొట్టినా ఒప్పుకోనిది, ప్లీజ్ అన్నందుకు ఒప్పుకుంది. ఊళ్లో వాళ్లకు అనుమానమే మిగిలింది. ఇక్కడ వీళ్లకు సాక్ష్యమే ఇచ్చి వచ్చింది. ఇక ఎవరి దగ్గరికి పోయి నేను కాదని మొత్తుకుంటుంది?

పని లేకపోతే కిరాయి ఎట్లా? నానక్‌రామ్‌గూడలో చంటిపిల్ల ఉన్న ఇల్లొకటి ఉందని తెలిసినామె చెబితే షేర్ ఆటో ఎక్కింది. పక్కనున్న కుర్రాడు ఫోన్లో ఏదో వింటున్నాడు. ఆ గొంతు ఆమెకు తెలుసు. భయపడాల్సింది ఆవిణ్ని చూసి కాదండీ అంటోంది. కొమురమ్మ మొహం బయటికి తిప్పుకుంది.

ఆ ఇంటి మెట్ల దగ్గర ఆగి అటూ ఇటూ చూసి, నోట్లోంచి పళ్లసెట్టు తీసింది. కొంగుతో తుడిచి, ఆ కొంగులోనే ముడేసి, బొడ్లో దోపుకుంది. ముందరి పళ్లు లేని ముసలిదాన్ని చూసి ఎవరికీ భయం పుట్టదు. అది ఆమెకు ఊరు నేర్పిన విద్య. మరిచిపోయి అనవసరంగా నవ్వింది ఇన్నాళ్లూ.

తలుపు తీసినామె పిల్లను చంకనేసుకుని, ఎగాదిగా చూసి అడిగింది.

“పళ్లేమయ్యాయి?”

“బోరింగు కాడ జారిపడ్డనమ్మా” అంది కొమురమ్మ.