ఆ పిల్లను కూర్చోబెట్టిన సాయంత్రం

గుంటూరులో చిలకలూరిపేట బస్సెక్కి, సీటు దొరకగానే ఫోన్‌లో నా జపాన్ ఆట తెరిచాను. మనవైపు ఎవరికీ తెలియని ఆట. కత్తి పట్టుకున్న ఒక పిల్ల ఊరూరా నడుస్తుంటుంది. ఏ ఊళ్ళో ఎవరిని పలకరించినా ఏదో ఒక కథ చెబుతారు, అందుకే వదల్లేను. కానీ అసలు కథ కాస్త ముందుకు కదలాలంటే అవే తోడేళ్ళను వందసార్లు చంపాలి. ఆఫీసులో అలిసిపోయి వచ్చాక ఇదో చాకిరీ.

సీటు పక్కన కడ్డీ పట్టుకున్న ఒకావిడ చాలాసేపటి నుంచి నా ఫోన్‌లోకే చూస్తోంది. మిరపకాయల తొడిమలు తీసి వస్తున్నట్టుంది, చీరంతా ఘాటు.

"పొద్దున్నుంచీ తిరగతానే ఉందా ఆ పిల్ల?" అంది.

"మూడు నెలల్నించండీ."

"కాసేపు కూర్చోబెట్టు నాయనా. కాళ్ళు పీకవా దానికి?"

ఆటలో సత్రాలున్నాయి. టైం దండగని నేనెప్పుడూ వెళ్ళలేదు. ఒకటి వెతికి, పిల్లను పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. చిన్న పాటొకటి మోగింది.

"ఆఁ, అట్టా" అని నవ్వింది ఆవిడ.

యడ్లపాడులో దిగి, కాళ్ళు విదిలించుకుంటూ ఆవిడ రోడ్డు దాటుతుంటే అప్పుడు తట్టింది నాకు. గుంటూరు నుంచీ ఆవిడ నిలబడే వచ్చింది, నా సీటు పక్కనే.