తేలలేదు గారి చేతిగడియారం

ఏ ప్రశ్న వేసినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "ఇంకా తేలలేదు." అందుకే ఆ జన్యుపరీక్షల ల్యాబులో అందరూ పెద్దసారును వెనకాల "తేలలేదు గారు" అనేవారు. ఆ పేరు ఆయనకు తెలుసా అంటే, అదీ తేలలేదు.

ఈ బాధ అందరికంటే ఎక్కువ పడింది రిపోర్టులు కొట్టే టైపిస్టమ్మ. పన్నెండేళ్లుగా ఆవిడ బల్ల ఆయన గుమ్మానికి ఎదురుగానే.

"సార్, కాఫీలో పంచదార సరిపోయిందా?"

"ఒక్క గుక్కకే ఎలా చెప్తానమ్మా?"

కప్పు ఖాళీ అయ్యాక అడిగితే, "ఇంకేం చెప్తాను, ఆధారమంతా తాగేశానుగా!" అనేవారు.

ఆయన చేతిగడియారం బుద్ధి పుడితే నడుస్తుంది, లేకపోతే పడుకుంటుంది. టైమెంతని అడిగితే దాన్ని చెవికి ఆనించుకుని, "మూడూ ఇరవై అంటోంది. నమ్మాలో లేదో తేలలేదు" అనేవారు.

"ఎదురుగా గోడ గడియారం ఉందిగా సార్!"

"అది నిజమే చెప్తోందని నీకెవరు చెప్పారమ్మా?"

ఇంట్లోనూ ఇదే వరస. పెళ్లికి ముందు "నేను నచ్చానా?" అని అడిగితే, "ఇంకొంత ఆధారం కావాలి" అన్నారట. "ముప్పై ఏళ్లయింది, ఇంకా పోగు చేస్తూనే ఉన్నారు" అని భార్య ఫోనులో చెప్పి పకపకా నవ్వేది.

అలాంటి మనిషి చేతిలో పడ్డారు ఒక తల్లీకూతుళ్లు. తల్లి లాండ్రీ నడుపుతుంది. ఆవిడ అరచేతులు అట్టల్లా గట్టిపడి పగిలిపోయాయి. కూతురు గడియారాల రిపేరు నేర్చుకుంటోంది, చేతులు నున్నగానే ఉన్నాయి. చర్మం డాక్టరు తల్లి చేతులు ఇలా చూసి, అలా "వంశపారంపర్యం" అనేశాడు. పరీక్ష చేస్తే చర్మాన్ని పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌లో చిన్న మార్పు కనిపించింది. ఇద్దరిలోనూ అదే మార్పు.

"అంటే చొక్కాకి ఒక బొత్తాం వేరేది పడినట్టా?" అంది తల్లి.

"సరిగ్గా అంతే! ఆ బొత్తాం ఆగుతుందా, ఊడుతుందా అన్నదే తేలలేదు."

"ఇదేం చోద్యమండీ! రేపు దీని చేతులూ నాలాగే మొద్దుబారిపోతే ఆ సన్నపని ఏం చేస్తుంది? ఇప్పుడే మానిపించి వేరే పనిలో పెడతాను. అవునో కాదో చెప్పండి!"

"తేలలేదమ్మా. ఈలోగా నువ్వు రబ్బరు తొడుగులు వేసుకుని ఉతుకు. పనిచేస్తాయో లేదో..."

"తేలలేదు! తెలుసు లెండి!"

చివరికి తల్లి ఒక్క ఏడాది గడువిచ్చింది. కూతురు తన వేళ్లు తనే చూసుకుంటూ వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే చర్మం డాక్టరు వచ్చి, "హాని చేసే మార్పు అని రాసిపారేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

"గొడవ మనకి వదుల్తుందండీ, ఆ పిల్లకి పట్టుకుంటుంది" అన్నారు తేలలేదు గారు.

ఆ తర్వాత గురువారం వస్తే చాలు, మధ్యాహ్నం సంచీ తగిలించుకుని మాయమయ్యేవారు. ఎక్కడికని అడిగితే, "వెళ్తే గానీ తేలదు." ఎవరింటి అరుగు మీదో భూతద్దం పెట్టి ఒక ముసలమ్మ అరచెయ్యి చూస్తుండగా ప్యూను కళ్ల పడ్డారు. రిటైరయ్యాక జోస్యం చెప్పుకుంటారేమోనని ల్యాబంతా గుసగుసలు. "ఈయన జోస్యమా? ఆయుష్షెంత అంటే తేలలేదంటారు, ఎవరొస్తారు?" అంది టైపిస్టమ్మ.

పదకొండో నెలలో తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. తల్లి నవ్వాపుకోలేకపోతోంది.

"మీ సారు మా చుట్టాల్ని ఒక్కర్నీ వదల్లేదమ్మా! ఇరవైముగ్గురి బుగ్గల్లో దూదిపుల్ల పెట్టి తుడుచుకెళ్లారు. మా పెద్దమ్మ ఆయన్ని చెయ్యి చూసే ఆయన అనుకుని, నాకు మంచి రోజులెప్పుడొస్తాయి నాయనా అనడిగిందట."

"ఏమన్నారు?"

"ఏమంటారు! తేలలేదన్నారట."

అంతలో ఆయన గదిలోంచి ఒక కాగితం పట్టుకుని వచ్చారు. రెండు వేళ్లతో తనే కొట్టుకున్న రిపోర్టు, నిండా తప్పులే. టైపిస్టమ్మ లాక్కుని చదివింది. మళ్లీ చదివింది. "హాని లేదు" అని ఉంది!

"పెద్దమ్మగారికి ఎనభై రెండు, మేనమామగారికి డెబ్బై ఆరు. ఇద్దరికీ ఇదే మార్పు. చేతులు చూస్తే దూదే! ఇంకో ఆరుగురూ అంతే" అన్నారాయన. "నీ చేతులు ఏవమ్మా?"

తల్లి అరచేతులు చాపింది. పగుళ్లు మానిపోయి పల్చబడ్డాయి.

"చూశావా, అదంతా ఉతికే సోడా చేసిన పని. చర్మం డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారు, కాస్త కష్టం మీద."

"అయితే నేను మానక్కర్లేదా సార్?" అడిగింది కూతురు.

"మానడానికి ఒక్క కారణం కూడా లేదు."

పన్నెండేళ్లలో ఆయన నోట అంత తేలిన మాట వినడం టైపిస్టమ్మకు అదే మొదలు. ఈ మనిషినా ఇన్నాళ్లూ వేళాకోళం చేసింది అని ఆవిడకు సిగ్గేసింది.

కూతురు కళ్లు తుడుచుకుని, అడగకుండానే ఆయన చేతిగడియారం విప్పేసుకుంది. టైపిస్టమ్మ బల్ల మీదే మూత తీసి, నలకంత పని ఏదో చేసి, మళ్లీ ఆయన చేతికి పెట్టింది.

"ఇప్పుడు టైమెంతో చెప్పండి సార్."

ఆయన చెవికి ఆనించుకోలేదు. "నాలుగుంబావు" అన్నారు, అంతే.

టైపిస్టమ్మ నోరెళ్లబెట్టి గోడవైపు చూసింది. "సార్, గోడ గడియారం నాలుగూ పదే అంటోందే!"

"దాని సంగతే ఇంకా తేలలేదమ్మా."