మా బావ పడవ బిల్లు

ఆకలీ నిద్రా ఎంత సహజమో కుళ్ళుమోతుతనం కూడా అంతే సహజమని నా నమ్మకం. కాకపోతే ఆకలేస్తే నలుగురికీ చెప్పుకోవచ్చు, కడుపులో మండితే మాత్రం చెప్పుకోకూడదు. ఆ రోజుల్లో, అంటే మన కుర్రాళ్ళు విమానాలకు విమానాలు నింపుకుని కెనడాలో దిగిపోతున్న రోజుల్లో, నాకు ఈ రెండో రకం మంట పుష్కలంగా ఉండేది. ఒషావాలో ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. అందులో ఒకడు మా మేనత్త కొడుకు, నాకు బావ. నాకంటే కొన్ని నెలలే పెద్ద. ఆ కొన్ని నెలల తేడా వల్ల నా బాల్యమంతా సెకండ్ హ్యాండ్‌లో గడిచింది. బావ తొక్కేసిన సైకిలు, బావ చదివేసిన గైడు, బావకు పొట్టయిన ప్యాంటు, అన్నీ వరసగా నా దగ్గరికి వచ్చేవి. "బావను చూసి నేర్చుకోరా" అన్న మాట వినకుండా మా ఇంట్లో నేను కాఫీ తాగిన రోజు లేదు. సముద్రాలు దాటితే ఆ మాట వినపడదనుకున్నాను. తీరా చూస్తే బావ కూడా అదే కాలేజీకి, అదే సీజన్‌లో, నాకంటే ముందు వీసా తెచ్చుకుని మరీ దిగాడు.

మా కోర్సులో ఒక సబ్జెక్టు మనకిష్టమైనది ఎంచుకోవచ్చు. పరీక్ష లేదు, హాజరైతే చాలు మార్కులిచ్చేస్తారు అని ఎవరో చెప్పగానే మా బేస్‌మెంట్ బేస్‌మెంటంతా వెళ్ళి ఒక చరిత్ర క్లాసులో చేరిపోయింది. అమెరికా కొత్తగా పుట్టినప్పుడు అక్కడి రాష్ట్రాల శాసనసభలు రోజూ ఏం పని చేసేవి అన్నది ఆ క్లాసు. (కెనడాలో కూర్చుని అమెరికా సంగతులెందుకంటే, పక్కింటివాళ్ళ సంసారం ఎవరికైనా ఆసక్తే కదా.) పాఠం చెప్పే ప్రొఫెసర్‌కి తెల్లటి గడ్డం ఉండేది కాబట్టి మేము ఆయన్ని తాతగారు అనుకునేవాళ్ళం. ఆయన పద్ధతి వేరు. పుస్తకం తెరవకుండా క్లాసునే శాసనసభగా మార్చేశారు. ప్రతివాడికీ ఒక జిల్లా ఇస్తాను, ఆ జిల్లా జనం పెట్టుకున్న అర్జీ మీద ఒక బిల్లు తేవాలి, వాదించాలి, ఓటు వేయించుకోవాలి, నేను మాత్రం వెనక బెంచీలో ఊరి జనంలా కూర్చుని చూస్తాను అన్నారు.

నేను స్వేచ్ఛ గురించీ స్వాతంత్ర్యం గురించీ ఉపన్యాసాలు దంచుదామని రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాను. తాతగారు ఆ ఆశ మీద చల్లగా నీళ్ళు పోశారు. ఆనాటి సభల్లో అలాంటి ఉపన్యాసాలు ఎప్పుడో పండక్కీ పబ్బానికీ మాత్రమేనట. రోజువారీ పనంతా వేరేనట. ఏటి మీద పడవ నడుపుకోవడానికి ఒకడికి అనుమతి, తోడేలును చంపినవాడికి బహుమానం, పేరు మార్చుకుంటానని ఒకడు, మొగుడితో పడలేనని ఒకావిడ, కంచె పడగొట్టిన పశువుల తగాదా, ఇవే. ఇంకేం, చీట్లు తీశారు. మా బావకు ఏటి ఒడ్డు జిల్లా వచ్చింది. మొగుడు పోయిన ఒక ముసలావిడకి రేవులో పడవ నడుపుకునే హక్కు ఇవ్వాలన్నది అతని బిల్లు. వింటేనే గుండె కరిగిపోయే కేసు. నాకు పందుల జిల్లా వచ్చింది. ఊరి మీద తిరిగే పందులు పొలాలు తవ్వకుండా వాటి ముక్కులకు రింగులు వేయించాలన్నది నా బిల్లు.

అక్కడితో ఆగినా బాగుండేది. స్పీకర్ ఎన్నిక పెట్టారు. మా బావ ఆరడుగుల పొడుగు, గొంతు ఖంగున మోగుతుంది, దానికి తోడు ఎవరు ఏం చెప్పినా తల వంచి శ్రద్ధగా వింటున్నట్టు కనిపిస్తాడు. పోటీ కూడా లేకుండా స్పీకర్ అయిపోయాడు. ఆ సాయంత్రం బావ ఆ సంగతి మా మేనత్తకి ఫోన్‌లో చెప్పాడు. ఏం చెప్పాడో, ఆవిడకేం అర్థమైందో దేవుడికే తెలియాలి. రెండు రోజులకల్లా మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. "కెనడా అసెంబ్లీ స్పీకర్‌గా ఎన్నికైన మన ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు" అని మూరెడేసి అక్షరాలు. మధ్యలో కోటు వేసుకున్న బావ. కింద శుభాకాంక్షలు తెలుపువారి వరసలో, మా కేబుల్ ఆపరేటర్‌కీ చికెన్ సెంటర్ ఓనర్‌కీ నడుమ, తపాలా బిళ్ళంత సైజులో నేను. అది నా పదో తరగతి హాల్ టికెట్ మీది ఫోటో.

మేనత్త నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, బావ స్పీకర్ అయ్యాడంటగా! నువ్వు పక్కనే ఉన్నావుగా, కాస్త వేళకి అన్నం పెట్టరా, సభ పనుల్లో పడి తిండి మానేస్తాడు."

"నేనూ సభలో మెంబర్నే అత్తా" అన్నాను.

"అవునా నాయనా! మంచిది, మంచిది. బావ చెప్పినట్టు విను."

తర్వాత మా అమ్మ. "నీకేం పదవి ఇచ్చార్రా?" అని ఆశగా అడిగింది. పందుల బిల్లు గురించి వివరంగా చెప్పాను. "పందుల గురించి మాట్లాడ్డానికి కెనడా దాకా వెళ్ళాలట్రా? ఇక్కడ మన మునిసిపాలిటీ వాళ్ళకి చెప్తే సరిపోయేదిగా" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. బావ మాత్రం నా కంచంలో మిగిలిన పెరుగన్నం కూడా తినేసి హాయిగా పడుకున్నాడు.

ఇంతలో తాతగారు అసలు విషయం బయటపెట్టారు. వేసవిలో కాలేజీ పాత కాగితాల గదిలో ఆయనకొక అసిస్టెంట్ కావాలట. శాసనసభ పనిని ఎవరు బాగా ఒంటబట్టించుకుంటే వాళ్ళకే ఆ ఉద్యోగం. మేమందరం అప్పుడు ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసేవాళ్ళం. వేళ్ళ దగ్గర ఇనుప రేకు ఉన్న బరువైన బూట్లు వేసుకుని గంటలకొద్దీ నిలబడితే ఇంటికొచ్చాక కాళ్ళు మనవో కాదో గిల్లి చూసుకోవాల్సి వచ్చేది. పాత కాగితాల గదిలో తిరిగే కుర్చీ, కిటికీ, టీ కాచుకునే కెటిలు ఉన్నాయి. ఆ కుర్చీని నేను వెళ్ళి స్వయంగా చూసి, ఎవరూ లేనప్పుడు ఒకసారి కూర్చుని తిరిగి మరీ వచ్చాను. అది నాకు రావాలి. నాకు రాకపోయినా ఫర్వాలేదు కానీ బావకు రాకూడదు. నిజానికి రెండోదే ముందు అనుకున్నాను.

నా పందుల బిల్లు మొదటి విడతలోనే పోయింది. నేను "అధ్యక్షా, పంది ముక్కు..." అనగానే సభ నవ్వడం మొదలుపెట్టింది. బావ స్పీకర్ కుర్చీలోంచి బల్ల మీద కొట్టి, "గౌరవ సభ్యుల పందులను గౌరవించండి" అన్నాడు. దాంతో ఆగబోయిన నవ్వు కూడా ఆగలేదు. ఎవరో లేచి వచ్చే సమావేశాలకు వాయిదా అన్నారు. వాయిదా అంటే ఆ రోజుల్లో బిల్లును మర్యాదగా చంపడమని తాతగారు తర్వాత చెప్పారు. అందుకని ఇక నాకు మిగిలిన ప్రజాసేవ ఒక్కటే. బావ పడవను ముంచడం.

లెక్కలు వేసుకున్నాను. అదే రేవు తన జిల్లా మనిషికి కావాలని ఇంకో సభ్యుడు పోటీ పడుతున్నాడు కాబట్టి క్లాసు రెండుగా చీలిపోయి ఉంది. వెనక వరసలో కునుకు తీసే మా బేస్‌మెంట్ వాళ్ళ ఓట్లు ఎటు పడితే అటే గెలుపు. ఆ సాయంత్రం బావ షిఫ్ట్‌కి వెళ్ళగానే వంటింట్లో మంతనాలు మొదలుపెట్టాను. మేము కడప అని పిలిచే కుర్రాడు ఉల్లిపాయలు తరగడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "సొంత బావకే గొయ్యి తవ్వుతాండావే, నీ ధైర్యానికి మెచ్చుకోవల్ల" అన్నాడు. సిద్దిపేట అని పిలిచే ఇంకొకడు మాత్రం సూటిగా వ్యవహారంలోకి దిగాడు. "గవన్నీ నాకెందుకన్నా. నా వంతు గిన్నెలు నువ్వు తోముతవా లేదా, గది చెప్పు." తోముతానన్నాను. కడపకి హీటర్ పక్కనున్న నా పరుపు ఇచ్చేశాను. మిగతా ఇద్దరిలో ఒకడికి బాత్‌రూమ్ కడిగే వంతు, ఇంకొకడికి చెత్త బయటపెట్టే వంతు నా నెత్తిన వేసుకున్నాను. (అప్పటి సభ్యులు కూడా నా వంతెనకు నువ్వు, నీ రోడ్డుకు నేను అని ఇలాగే బేరాలాడుకునేవారట. ఈ ఒక్క పాఠం మాత్రం నాకు బాగా ఒంటబట్టింది.) "సరేనన్నా, అనుకూలురు లేవండి అంటే మేం లేవం, అంతే కదా?" అన్నాడు సిద్దిపేట. అంతే అన్నాను. కూర్చుని ఉండటం కంటే తేలికైన పని లోకంలో ఏముంటుంది?

ఆ రోజు మంచు దంచి కొడుతోంది. తాతగారు ఇంకా రాలేదు, సభ మొదలుపెట్టుకోమని కబురు పంపారు. గుమాస్తాగా ఉన్న కెనడా అమ్మాయి ముసలావిడ అర్జీని వణికే గొంతుతో చదివింది. స్పీకర్ కుర్చీలో ఉన్నవాడు వాదించకూడదని నియమం. అందుచేత బావ నోరు విప్పకుండా కూర్చుంటే, పాపం మాట్లాడలేకపోతున్నాడు అని జనానికి ముసలావిడ మీదే కాక బావ మీద కూడా జాలి పుట్టుకొచ్చింది. నేను లేచాను. నా జీవితంలో అంత బాగా మళ్ళీ మాట్లాడలేదు. అర్ధరాత్రి వరద వస్తే ఆ ముసలమ్మ తెడ్డు వేయగలదా అన్నాను. జాలి వేరు, పడవ వేరు అన్నాను. నా పందుల మీద లేని జాలి ఈ పడవ మీద ఎందుకని కూడా అన్నాను. (అది అనకుండా ఉండాల్సింది.) నోటితో ఓటు అడిగితే అవును, కాదు అన్న అరుపులు సమానంగా వినిపించాయి. బావ తీర్పు చెప్పబోతుంటే నేనే అడ్డుపడి, "అలా కుదరదు అధ్యక్షా, నిలబెట్టి లెక్కపెట్టాలి" అని పట్టుబట్టాను. అలా అయితే వెనక వరస లేవకుండా కూర్చోవడం అందరికీ కనబడుతుందని నా ధీమా.

"బిల్లుకు అనుకూలంగా ఉన్నవారు లేచి నిలబడండి" అన్నాడు బావ. ముందు వరసల్లో సగంమంది లేచారు. మా వరస రాయిలా కదల్లేదు. నాకు తిరిగే కుర్చీ కళ్ళముందు తిరుగుతోంది. సరిగ్గా అప్పుడు మా పక్కనున్న తలుపు తెరుచుకుని, గడ్డం నిండా మంచుతో తాతగారు లోపలికి వచ్చారు.

ఒకటో తరగతి నుంచి మనకు నూరిపోసింది ఏమిటి? సార్ వస్తే లేవాలి. కెనడా వచ్చిన కొత్తలో అలాగే లేస్తే పక్కవాళ్ళు వింతగా చూశారని ఎలాగో మానుకున్నాం. కానీ అది బుద్ధి మానుకుంది, మోకాళ్ళు మానుకోలేదు. రాత్రంతా పెట్టెలు మోసి కునుకుతున్న మావాళ్ళు, తెల్లగడ్డం గుమ్మంలో కనబడగానే ఒక్క కుదుపుతో లేచి నిలబడ్డారు. సిద్దిపేట అయితే సగం నిద్రలో "గుడ్ మార్నింగ్ సార్" అని రాగం కూడా తీశాడు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది, కూర్చోండ్రా అని కసురుదామని పక్కకు తిరిగి చూద్దును కదా, నా తల వాళ్ళ తలలతో సమానంగా ఉంది. నేనూ నిలబడే ఉన్నాను! చేతులు కూడా కట్టుకుని ఉన్నాను.

గబుక్కున కూర్చోబోయాను. బావ బల్ల మీద ఠపీమని కొట్టాడు. "లెక్క పూర్తయ్యేదాకా నిలబడ్డ సభ్యులు కూర్చోకూడదు. నియమం." ఆ ముఖంలో నవ్వు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. గుమాస్తా అమ్మాయి మా వరసను వేలితో చూపిస్తూ లెక్కపెట్టేసింది. బిల్లు నెగ్గింది. ఆ ముసలమ్మ పడవ నా ఓటు మీద కూడా తేలింది.

నెల తిరిగేసరికి తాతగారు అసిస్టెంట్ పేరు ప్రకటించారు. అది నా పేరు. ఆయన లేచి నిలబడి ఏమన్నారంటే, ఈ కుర్రవాడు ఆ బిల్లుకు వ్యతిరేకంగా హోరాహోరీగా వాదించాడట, తలుపు బయట నిలబడి ఆయన చివరంటా విన్నారట, అయినా ఓటు దగ్గరికి వచ్చేసరికి ఎదుటివారి మాటలో న్యాయం చూసి తన మనసు మార్చుకుని లేచి నిలబడ్డాడట, ఇన్నేళ్ళలో అలాంటి శాసనసభ్యుణ్ణి చూడలేదట. కడప నా వీపు వెనక దగ్గుతూనే ఉన్నాడు. మోకాళ్ళ సంగతి చెబుదామని నోరు తెరిచాను కానీ కుర్చీ గుర్తొచ్చి మూసుకున్నాను. బావ అందరికంటే ముందు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అదరగొట్టావు రా బామ్మర్దీ!" అన్నాడు. అతని కళ్ళలోకి దగ్గరగా చూశాను, ఎక్కడైనా ఒక చిన్న నిప్పురవ్వ కనబడుతుందేమోనని. ఏమీ కనబడలేదు.

ఆ వేసవంతా కుర్చీలో కూర్చుని తిరిగాను. బావ గోడౌన్‌లోనే ఉన్నాడు. కాకపోతే నేను పాత కాగితాల దుమ్ముకి తుమ్ముతున్న ఆ కాలంలో అతను ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకున్నాడు, టీమ్ లీడ్ అయ్యాడు, ఒక పాత కారు కొన్నాడు. సాయంత్రం ఆ కారులో నలుగురు ఫ్రెండ్స్‌తో వచ్చి కిటికీ కింద హారన్ కొట్టి, "దిగరా, ఇంటికి దింపుతా" అనేవాడు. నేను ఆ గదిలో ఒక్కణ్ణే టీ కాచుకుని ఒక్కణ్ణే తాగేవాణ్ణి. కోరుకున్న కుర్చీలో కూర్చుని కూడా కిందనున్న కారు వంక చూసి ఉడుక్కున్నవాణ్ణి నన్ను తప్ప ఇంకొకణ్ణి ఎరగను.

ఇప్పుడు మేమిద్దరం రిచ్‌మండ్ హిల్‌లో పక్క పక్క వీధుల్లో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకి అందరూ చేరినప్పుడు పిల్లలకు ఈ కథంతా అభినయంతో సహా చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు. బావ కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

"ఇంతకీ ఆ ఉద్యోగం ఎవరికొచ్చింద్రా? నాకా, నీకా?"

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే గుర్తులేదు. నేను చెప్పిన కథలో కూడా ఆ ముక్క అతని చెవిన పడలేదు.

"నాకే బావా" అన్నాను.

"నీకేనా! మంచి పని జరిగింది. నువ్వయితే కుదురుగా కూర్చోగలవు" అని నా భుజం తట్టి, కేకు ఇంకో ముక్క తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరితో పోటీ పడుతున్నానో ఆ మనిషికి పోటీ జరిగినట్టే తెలియదు. మోకాళ్ళు మోసం చేసిన ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ జాలీ కలిసి వచ్చాయి. ఆ వెనకే, ఏం దాచుకోను, ఇంత హాయిగా మరిచిపోగలిగినందుకు బావ మీద కాస్త కుళ్ళు కూడా వచ్చింది.