లాభం, రెండు, మూడు, ఏడు

"పెదనాన్నా, మనుషులు తప్పులెలగ సేస్తారో కొంచెం సెప్పవా?" అంది మా తమ్ముడి కూతురు.

రాయగడలో నాకు గొడుగుల కొట్టు ఉంది. వాన తగ్గి బేరాలు లేని మధ్యాహ్నం. స్టూలు లాక్కుని కూర్చుని, తినడానికేమైనా ఉందా అని డబ్బాలు వెతుకుతూ అడిగింది. ఇంటినిండా ఇంతమంది ఉండగా ఆ ప్రశ్నకి నేనే ఎందుకు తగినవాణ్ణనిపించానో అడగలేదు. పొగడ్తే అనుకుని సర్దుకుని కూర్చున్నాను.

పిల్ల కంప్యూటరు చదువు చదివి, ఉద్యోగం వద్దని ఇంటికొచ్చేసింది. స్నేహితులతో కలిసి ఫోన్లలో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తోంది. ఆటంటే తుపాకులూ కార్లూ కాదు, మన సంత. కొండ మీంచి కావిడితో ఒక మనిషి దిగుతాడు. తెచ్చింది అమ్ముకోవాలి, కావలసింది కొనుక్కోవాలి, వాన పట్టుకునే లోపల కొండెక్కెయ్యాలి. అంతే. చిన్నప్పుడు నందపూర్ సంతకి తీసుకెళ్తే పకోడీల కోసం ఏడ్చిన పిల్ల, ఇప్పుడు ఆ సంతనే ఫోనులో కట్టింది.

"సూడు" అని ఫోను నా ముందు పెట్టింది.

చూశాను. రంగులు బాగున్నాయి. మనుషులే బాగాలేరు. గీత గీసినట్టు నడుస్తున్నారు. అడిగిన వెంటనే జవాబు చెప్తున్నారు. ఒక్కడూ తల గోక్కోడు, ఒక్కతీ మాట మధ్యలో పక్కకి చూడదు.

"ఇది సంతేటమ్మి? పెళ్ళిచూపుల్లాగ ఉంది. అందరూ కడుపు లోపలికి పీల్చుకుని నిలబడ్డారు" అన్నాను.

"అదే గదా నా గోల! మరీ బుద్ధిమంతులైపోయేరు. ఆడి సూసినోళ్ళందరూ బొమ్మల్లాగున్నారంటన్నారు. తప్పులు గావాల పెదనాన్నా. మంచి తప్పులు, నిజంవి."

తప్పులకి నా దగ్గర కరువా? గొడుగు కొనడానికొచ్చినవాడు దాన్ని కొట్టులోనే ఠప్పున విప్పి ట్యూబులైటుని కొడతాడు. కొట్టి, గొడుగు పెద్దదైపోయిందంటాడు. వానలో వచ్చి కొత్త గొడుగు కొన్నవాడు, అది తడిసిపోతుందని చొక్కాలోపల దాచుకుని తడుస్తూ పరిగెడతాడు. టీ కొట్టావిడ చక్కెర వెయ్యనా అని అడుగుతుంది, మనం వద్దనే లోపలే వేసేస్తుంది. ఇవన్నీ నిజాలే. పిల్ల నవ్వుకుంటూ ఫోనులో రాసుకుంటోంది. ఎదురుగా ఒక మనిషి నవ్వుతుంటే నిజాల దగ్గర ఆగిపోవడం నాకు చేతకాదు.

"ఇవేటి! మీ మావయ్య లెక్క తెలుసా నీకు?" అన్నాను.

మావయ్యంటే మా అక్క మొగుడు, నాకు బావ. కొరాపుట్‌లో పప్పుల కొట్టు. సంత రోజున వ్యానులో బస్తాలు వేసుకుని నందపూర్ వెళ్ళి, గోనెపట్టా పరిచి, శనగలూ ఉలవలూ మానికతో కొలిచి అమ్ముతాడు. మన కోమటి కొట్లలో మొదటి కొలతని ఒకటి అనరు గదా, లాభం అంటారు. బావ కూడా అంతే. "లాభం, రెండు, మూడు" అని పాట పాడినట్టు కొలుస్తాడు. ప్రతి మానికా గోపురంలా పోస్తాడు.

"ఓసారేటయిందంటే," అని మొదలెట్టాను, "మీ మావయ్య లాభం, రెండు, మూడు అని కొలస్తన్నాడు. కొండమీది ముసలమ్మ ఒకత్తి, 'ఆఉ, ఆఉ' అంది. ఒడియాలో ఆఉ అంటే ఇంకా అని గదా, ఇంకా పొయ్యమంది. మీ మావయ్య చెవికి అది 'ఆరు' అని వినబడిపోయింది. మూడు అయినోడు, అవునవును ఆరయింది అనుకుని, ఏడు అనేసేడు! ఆమె మళ్ళీ ఆఉ అంది. ఎనిమిది, తొమ్మిది, పది అని ముగించేడు. పది మానికలు కొన్నానని ఆ ముసలమ్మ ఇంటికెళ్ళింది. మూటేమో చంకలోకే సరిపోయింది!"

పిల్ల స్టూలు మీంచి పడబోయి గొడుగుల కట్ట పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ, "నిజంగా?" అంది.

"నా కళ్ళతో సూసేను" అన్నాను.

నా కళ్ళతో చూసింది వేరు. బావకి కొలుస్తూ కబుర్లాడటం అలవాటు. ముసలమ్మల మనవలూ మేకలూ, వానలూ, అన్నీ కావాలి. మూడు అని పోస్తుండగా ఎవరో ఏదో అడుగుతారు. బావ మానిక పట్టుకునే జవాబు చెప్తాడు. చెప్పడం అయ్యాక లెక్క ఎక్కడుందో గుర్తుండదు. అప్పుడు మళ్ళీ మూడే అంటాడు. ఒక్కోసారి రెండు దగ్గరికీ వెళ్ళిపోతాడు. పక్కన ఉన్న అక్క గింజుకుంటుంది, ఇలాగైతే కొట్టు మూసెయ్యాలని. "అనుమానం వస్తే ఎనక్కే ఎల్లాలే. ముందుకెల్తే ఎలగ?" అంటాడు బావ. ఎవరి మూటలోనైనా తేడా ఉందంటే అది ఎక్కువే తప్ప తక్కువ కాదు.

కానీ అందులో నవ్వేముంది? అందుకని ఎప్పుడో ఒక పెళ్ళి భోజనాల్లో దాన్ని తిరగేశాను. ఆ ముసలమ్మ ఆఉ అనడం, బావ ఏడు అనడం, అంతా నా సొంత వంట. బావ విస్తరి ముందు కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వి, "సాల్లేదు బావా, ఇంకో మానిక పొయ్యి" అన్నాడు. మా ఇంట్లో నా మాటలోంచి తీసెయ్యాల్సింది తీసేసి వినడం అందరికీ తెలుసు. ఆ లెక్కే ధైర్యంగా ఉండేది నాకు.

ఆటలోకి వెళ్ళాక తీసేసేవాళ్ళు ఎవరున్నారు?

ఆట బయటికొచ్చింది. మిగతా సంతంతా ఒక ఎత్తు, పప్పుల కొట్టాయన ఒక ఎత్తు అయ్యాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకోవడం బావదే. తల ఒక పక్కకి వాల్చి వినడం బావదే. పిల్ల చిన్నప్పటినుంచీ చూసినవే, ప్రేమగా దించింది. మూడు దగ్గర ఆగి, ఆఉ అనగానే మొహం వెలిగి, ఏడు అని పోసే ఆ ఒక్క ముక్క మాత్రం నాది. ఇప్పుడే నిజమైన మనిషిలా ఉన్నాడు అని ఆడినవాళ్ళు మెచ్చుకున్నారట. నేను టీ కొట్టు దగ్గర, "ఆ బొమ్మకి ప్రాణం పోసింది నేనే" అని చెప్పుకుని తిరిగాను. దానికోసం ఇంకో అబద్ధం కూడా కలపక్కర్లేకపోయింది.

కొన్నాళ్ళకి అక్క ఫోను చేసింది. పలకరింపు లేదు.

"ఏరా, నీ నోట్లో ఏటుంది?"

"ఏటయిందక్కా?"

"పిల్ల ఆటలో బొమ్మ ఈయనేనని ఊరంతా గుర్తుపట్టేసేరు. సంతకి వచ్చినోళ్ళందరూ సింతపిక్కలు తెస్తన్నారు. ఈయన ఓ మానిక పోస్తే పట్టా మీద ఓ పిక్క పెడతన్నారు. ఇన్నాళ్ళూ ఈయన సెయ్యి వైపు సూసినోళ్ళు లేరు. కుర్రోళ్ళయితే రోడ్డు మీంచే ఏడు ఏడు అని అరుస్తన్నారు. లాభం అంటే సాలు, లాభమంట లాభమంట అని ఇకిలిస్తన్నారు. ఒడియాలోనూ లాభమంటే లాభమే గదరా!"

"బావేటంటున్నాడు?"

"ఏటీ అనట్లేదు. అనకపోవడమే నాకు బయంగా ఉంది."

మేడమెట్లెక్కి పిల్ల దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. అది తెరమీంచి తల తిప్పి నన్ను చూసిన చూపు మా తమ్ముడిది. నేను పగలగొట్టిన పలక తనదని తెలిసినప్పుడు వాడు అలాగే చూశాడు.

"కళ్ళతో సూసేనన్నావు గదా పెదనాన్నా."

"నా మాటల్లో నిజం ఎప్పుడు సూసేవమ్మి నువ్వు?"

"ఆ రోజు సూసేను. తప్పులు నిజంవి గావాలని సెప్పేను గదా నీకు."

అప్పటికప్పుడే కూర్చుని మార్చింది. ఇప్పుడు పప్పుల కొట్టాయన మూడు దగ్గర కబుర్లలో పడి, మళ్ళీ మూడు అని పోస్తాడు. అమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండానే ఆడినవాళ్ళ మాటలు చదివి వినిపించింది. పాత కొట్టాయనే నయం, ఈయన బొమ్మలా ఉన్నాడు అన్నారట. ఎక్కువ కొలిచే వ్యాపారి ఎక్కడుంటాడు, నమ్మేలా చెయ్యండి అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు.

"మార్చను లే. ఇలగే ఉంచుతాను" అంది పిల్ల. కానీ పాత ఆట ఉన్న ఫోన్లలో పాత ఏడే ఉంది. దాన్ని వెనక్కి పిలవడం పిల్ల చేతిలో లేదు, నా చేతిలో ఎప్పుడూ లేదు.

రైలెక్కాను. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్ళే దారంతా సొరంగాలు. వెలుగొచ్చినప్పుడల్లా బావకి చెప్పాల్సిన మాట ఒకలా కుదిరేది, చీకట్లో చెదిరిపోయేది. మామూలుగా ఆ దారిలో ఎదురు సీటువాళ్ళకి సొరంగంలో పులిని చూసిన కథ చెప్తాను. ఆ రోజు ఒకాయన తనంతట తానే, ఈ సొరంగాల్లో జంతువులుంటాయా అని అడిగాడు. తెలీదన్నాను.

బావ కొట్టులోనే ఉన్నాడు. తిట్టలేదు. టీ తెప్పించాడు. నేను సంగతెత్తే లోపల తనే, గొంతు తగ్గించి, "నువ్వు సూసేవా బావా?" అన్నాడు.

"ఏటి?"

"నాను అలగ ఏడు అనడం. ఎప్పుడైనా సూసేవా? నవ్వకుండా సెప్పు. ఇంతమంది అంటంటే నాకూ అనుమానంగా ఉంది. కబుర్లలో పడిపోతాను గదా, నోరు జారి మూడు తర్వాత ఏడు అనేసేనేమో. ఆ ముసలోళ్ళు లెక్క సూసుకోరు. ఎంతమందికి ఎన్ని మానికలు ఎగ్గొట్టేనో ఏటో."

టీ గ్లాసు చేతిలో కాలుతున్నా కింద పెట్టలేకపోయాను. ఊరు అనుమానించడం ఒకటి. బావ తన చేతిని తనే అనుమానిస్తున్నాడు.

"లేదు బావా. ఒట్టు. నేను కల్పించేను. పెళ్ళిలో అందరూ నవ్వుతారని. ముసలమ్మా లేదు, ఆఉ లేదు. నువ్వెప్పుడూ వెనక్కే వెళ్ళేవోడివి. ఎక్కువే పోసేవు."

బావ నా భుజం మీద తట్టాడు.

"నా మనసు కుదుటపడాలని సెప్తున్నావు. మంచోడివే నువ్వు" అన్నాడు.

అక్క మీద ఒట్టేశాను. నవ్వాడు. నా పులుల కథలకి కూడా నేను అక్క మీదే ఒట్టేసేవాణ్ణని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు సంత. వ్యానులో నేనూ వెళ్ళాను. అందరి ముందూ చెప్పేస్తే తీరిపోతుందనుకున్నాను. పట్టా పక్కన నిలబడి నాకొచ్చిన ఒడియాలో, ఆ ఫోను కథ అబద్ధం, చెప్పింది నేను, ఈయన మిమ్మల్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు అన్నాను. జనం చేరారు. నేను చేతులు తిప్పుతూ చెప్తున్నానేమో, మాట మాటకీ నవ్వుతున్నారు. బావ దగ్గర ఏళ్ళ తరబడి కొంటున్న ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, ఇది ఇంకా బాగుంది, మళ్ళీ చెప్పమంది. చెప్పాను. పూర్తిగా విని, కొంగు ముడి విప్పి, చింతపిక్కలు తీసి ఒళ్ళో పోసుకుంది.

బావ మానిక ముంచాడు.

"ఒకటి" అన్నాడు.

లాభం అనలేదు. ఆ మాట లేకుండా బావ నోట లెక్క మొదలవడం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ పిక్క పెట్టింది. మేక ఈనిందని ఆవిడే సంతోషంగా చెప్పబోయింది. బావ తల ఊపలేదు. "రెండు" అన్నాడు. ఆవిడ కూడా మేక సంగతి ఆపేసి పిక్కల మీద చూపు పెట్టింది. గోపురం లేదు, అరచేత్తో అంచుకి సమంగా తోసి పోస్తున్నాడు. గీత గీసినట్టు.

జనం పల్చబడ్డాక నాకూ శనగలు కావాలన్నాను. ఇంట్లో డబ్బా నిండానే ఉంది.

"ఎన్ని?"

"ఓ అయిదు పొయ్యి."

"ఒకటి. రెండు. మూడు."

"బావా, అక్క మోకాలు నొప్పి ఎలగుంది?" అన్నాను.

మానిక గాల్లో ఆగింది. బావ తల కొంచెం ఒక పక్కకి వాలింది. అను, మూడే అను, వెనక్కి వెళ్ళు బావా అని లోపల అనుకుంటున్నాను.

"నాలుగు" అన్నాడు. "అయిదు." మానిక బోర్లించాడు. అప్పుడు నా వైపు తిరిగి, "మందేస్తంది, తగ్గుతాది" అన్నాడు.

సంచి మూతి కట్టి నాకు అందించబోయి, ఏదో తోచినట్టు ముడి మళ్ళీ విప్పాడు.

"సూసుకో బావా" అన్నాడు.