దేవుని నీళ్లు తాగిన మల్లె

మల్లె మీద చలికాలంలో జాలి పడకూడదు. ముదురు కొమ్మలు కత్తిరించాలి, మిగిలినవాటికి ఆకు దూసెయ్యాలి, చెట్టు మొదట్లో మట్టి గుల్ల చేసి ఎండ తగలనివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లు మానెయ్యాలి. చెట్టు చచ్చిపోయిందని చూసినవాళ్లు అనుకునేదాకా ఆగి, అప్పుడు ఎరువు వేసి తడిపితే వేసవిలో ఒళ్లంతా మొగ్గే. గోదావరి పక్క పుట్టినదాన్ని, ఈ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అలా అనుకునే కిందటి శీతాకాలం కత్తెర పట్టుకున్నాను.

మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం ఇటు వచ్చాం. క్వార్టర్స్ ఖాళీ చేశాక ఇస్నాపూర్‌లో ఒక ఇంటి వెనక వాటాలో కిరాయికి దిగాం. ముందు వాటాలో ఇంటావిడ వాళ్లు, రోడ్డు వైపు వాళ్ల కిరాణా దుకాణం. నా వంటింటి కిటికీకి ఎదురుగా మల్లెచెట్టు. ఇక్కడ సాయంత్రం గాలి మళ్లిందంటే ఫ్యాక్టరీల వైపు నుంచి ఒక వాసన వస్తుంది. కుళ్లిన క్యాబేజీలో మందుబిళ్లలు నూరి కలిపినట్టు ఉంటుంది. మల్లె పూసిన రోజుల్లో మాత్రం కిటికీ తెరుచుకుని కూర్చోవచ్చు. అందుకే ఆ చెట్టంటే నాకు ప్రాణం.

కానీ అంతకుముందు వేసవిలో అది ఆకు తప్ప పువ్వు చూపించలేదు. ఇంటావిడ లెక్కలు ఇంటావిడవి.

"గీ జాగల ఒక రూము లేస్తది చెల్లె. కంపెనీల పనిచేసే పోరగాండ్లు కిరాయి రూముల కోసం తిరుగుతున్నరు. మనం ఉత్త ఆకులు సూసుకుంట కూసుంటమా?"

రూము లేస్తే నా కిటికీకి గోడ అడ్డం. గాలీ లేదు, వెలుతురూ లేదు, మల్లె అసలే లేదు. "ఈ ఒక్క వేసవి చూడండక్కా, పూయకపోతే కొట్టించెయ్యండి" అని బతిమాలాను.

"సరే తియ్యి. ఉగాది దాక సూస్త" అంది.

ఇక నా ప్రతాపం మొదలైంది. పశువుల ఎరువు కోసం మా ఆయన్ని రుద్రారం తోలాను. స్కూటర్ మీద కాళ్ల మధ్య బస్తా పెట్టుకుని వస్తుంటే, బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు ముక్కు మూసుకున్నారట. ఇంటికొచ్చి నా మీద అలిగాడు. ఫ్యాక్టరీ వాసనకు అలవాటు పడిన ముక్కులు పేడ వాసనకు మూసుకోవడమేమిటో నాకైతే అర్థం కాలేదు.

ఆకు దూసేసరికి ఇంటావిడ బయటికొచ్చి నోరు నొక్కుకుంది. "అయ్యో, గిట్ల బోడి జేసినవేంది?"

"నీళ్లు కూడా మానేశానక్కా. దయచేసి మీరూ పోయకండి."

"నాకేం పని? నేనెందుకు పోస్త?"

ధనుర్మాసం వచ్చింది. చెట్టు మాత్రం ఎండే ప్రయత్నమే చేయలేదు. దూసినచోటల్లా లేత చిగురు వేసి నన్ను వెక్కిరించింది. మొదట్లో మట్టి ముట్టుకుంటే తడి. బోరు పైపు కారుతోందేమోనని వంగి చూశాను, కారడం లేదు. మా ఆయన్ని నిలదీశాను. ఆ చెట్టు ఇంటికి ఏ పక్కన ఉందో చెప్పడానికే ఆయనకు ఆలోచించాల్సి వచ్చింది, అందుకని వదిలేశాను.

ఒకరోజు పొద్దున్నే మంచులో కిటికీ తెరిస్తే దొంగ దొరికింది. తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, రాగిచెంబుతో మల్లె మొదట్లో నీళ్లు పోస్తూ ఇంటావిడ. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, ఎంతో భక్తిగా.

"అక్కా! పొయ్యనన్నారుగా!"

"నేనేడ పోసిన? ఇవి నీళ్లా? దేవుని నీళ్లు!"

నెలంతా రోజూ పూజ, రోజూ దేవుడికి స్నానం. పాలూ పసుపూ కలిసిన ఆ నీళ్లు ఎవరూ తొక్కని చోట పోయాలి. తులసి కుండీ చిన్నది, అన్ని నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. అందుకని మల్లెకు ఆ భాగ్యం పట్టింది.

"ఇంకెక్కడైనా పోయండక్కా."

"యాడ పొయ్యాలె? నువ్వే సూపియ్యి."

చుట్టూ చూశాను. గేటు నుంచి వెనక గోడ దాకా సిమెంటే. బైకులు పెట్టుకోవడానికని వాళ్లే ఎక్కడా వదలకుండా వేయించారు. బయటికి వెళ్తే రోడ్డూ, మురుగు పారే మోరీ. ఆ ఆవరణ మొత్తంలో మట్టి అంటూ మిగిలింది ఆ మల్లె మొదట్లోనే.

"మోరీల పొయ్యమంటవా దేవుని నీళ్లు?" అంది. నా గోదావరి తెలివంతా మూటగట్టుకుని కిటికీ మూసేశాను.

వేసవికి ఫలితం తెలిసిందే. చెట్టు ఏపుగా, నల్లగా, ఆకులతో నిగనిగలాడింది. పూలు దేవుడి పటానికి సరిపోయాయి, జడలోకి రాలేదు. ఉగాది వెళ్లగానే మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. నేను పొయ్యి మీద కూర సంగతి మరిచిపోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

అతను ఆ గోడ నుంచి ఈ గోడకు కొలిచాడు. "చెట్టు తీసేస్తే రూము మంచిగొస్తదమ్మా."

ఇంటావిడ చెట్టును చూసింది, కింద సిమెంటును చూసింది. "తీసేస్తే మరి దేవుని నీళ్లు యాడ పొయ్యాలె?"

"గంతేనా? బాత్రూంల పొయ్యుండ్రి."

పాపం, పని సులువు చేద్దామనే అన్నాడు. ఆమె అరుపులకు దుకాణంలో సరుకు కొనేవాళ్లు కూడా లోపలికి తొంగిచూశారు. అతను టేపు చుట్టుకునే లోపే రూము సంగతి ముగిసిపోయింది.

"ఉండనియ్యి చెల్లె, నీ చెట్టు. పూలు పుయ్యకుంటే మానె" అంది నాతో, పెద్దమనసు చేసుకుని.

మళ్లీ చలికాలం వచ్చింది. నేను ఆకు దూశాను, ఆవిడ చెంబు తెచ్చింది. ఆ నీళ్లు ఆగితేనే చెట్టు పూస్తుంది. ఆ నీళ్లు ఆగిననాడు చెట్టే ఉండదు. పొద్దున్నే ఆవిడ వచ్చే వేళకు నేనే చెట్టు ముందున్న బైకులు పక్కకు జరిపి దారి ఇస్తున్నాను.