ఎఫీ కదలని మే నెల

స్కాట్లాండ్ కొండల్లో మా లోయ కొసన మోకాలెత్తు రాతి గూడు ఒకటుంది. చలికాలాన్ని తెచ్చే దేవత కాల్యఖ్‌ ఇల్లు అది. మేం ఆమెను ముసలమ్మ అంటాం. లోపల మూడు రాళ్లు: ముసలమ్మ, ముసలాయన, వాళ్ల కూతురు. నవంబరు ఒకటిన వాళ్లను లోపల పెట్టి నాచుతో సందులు మూయాలి. మే ఒకటిన బయటికి తేవాలి. తేకపోతే మంచు లోయ వదిలి పోదు.

ఆ పని ఎఫీది. పందొమ్మిదేళ్లకు కాపురానికొచ్చి అత్త చేతి నుంచి అందుకుంది; నలభై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. నిండు చూలాలై ఉండి కూడా ఆరు మైళ్లు నడిచింది మహాతల్లి. నోరు మాత్రం మంచిది కాదు. ఆమెతో మాట కలపడమంటే కొరివితో తల గోక్కోవడమే. మొగుడు పోయాక కూతురు ఇష్‌బెలే ఆమె లోకం.

ఆ ఫిబ్రవరిలో తప్పిపోయిన గొర్రెల కోసం వెళ్లి ఇష్‌బెల్ మంచులో చిక్కుకుంది. తొమ్మిదో రోజున శవం దొరికింది.

మే ఒకటి వచ్చింది. ఎఫీ కదల్లేదు. వారం గడిచినా మంచు కురుస్తూనే ఉంది. అప్పుడే పుట్టిన నా గొర్రెపిల్లలు రోజుకు రెండు మూడు చొప్పున బిగుసుకుపోతున్నాయి. నాకు ఒళ్లు మండి, వెళ్లి తలుపు బాదాను.

“ఏమే ఎఫీ! ఊరు ఊరంతా చలికి చస్తుంటే ఇంట్లో కూచుంటావా?”

“నువ్వెళ్లి తియ్యక్కా. నీకూ చేతులున్నాయిగా.”

“అది మీ ఇంటోళ్లు చేస్తేనే చెల్లుతుంది. తెలిసీ అంటావేం?”

“ఆ ముసలమ్మ నా పిల్లను మింగింది. దాని ఇంటికి నేను పనిమనిషినా?”

“ఇష్‌బెల్ పోయింది, నిజమే. నా గొర్రెపిల్లలేం చేశాయే?” అనేశాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎఫీ శాలువా కప్పుకుని లేచింది. లోయ కొస దాకా నడిచింది, వెనకాలే నేను. నాచు పీకి, చెయ్యి పెట్టి, మొదట కూతురు రాయిని తీసింది. శాలువా అంచుతో తుడిచి గడ్డి మీద నిలబెట్టింది. ముసలాయన్ని తెచ్చి పక్కన పెట్టింది. ముసలమ్మను ముట్టుకోలేదు. పీకిన నాచునే మళ్లీ కుక్కడం మొదలుపెట్టింది.

“అయ్యయ్యో, అదేం పనే? అసలు రావాల్సింది ఆమే కదే!”

“లోపలే పడుండనీ అక్కా. బిడ్డ బయట చలిలో ఉందని తెలిసీ చెయ్యి అందకపోతే ఎలా ఉంటుందో, దానికీ తెలియాలి.”

నేను తిట్టడానికే వెళ్లాను. ఎఫీ కుక్కిన నాచు సందుల్లో నిలవడం లేదు. పక్కన కూచుని రెండు గుప్పిళ్లు నేనే పీకి అందించాను. నా గొర్రెపిల్లల సంగతి మాత్రం అడక్కండి.